నొప్పి కాదు, నొప్పులు

వెంకటసుబ్బారావు ఉద్యోగం పోయిందన్న సంగతి ఆయన భార్య ప్రభావతికి తప్ప ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో మరో తెలుగు ప్రాణికి తెలియదు. తెలియనివ్వలేదాయన. పొద్దున్నే ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కారు తీసుకుని, ఏదో సూపర్‌మార్కెట్ కార్ పార్క్‌లో కాసేపు కూర్చుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. ఎదురింటివాళ్ళు ఆయనకి వారంలో సగం రోజులు ఇంటినుంచే పని కాబోలనుకున్నారు.

ఆయన పనిచేసింది ఓ ఇన్సూరెన్స్ కంపెనీలో. అక్కడి పాతకాలపు పెద్ద కంప్యూటర్ల లోగుట్టు ఆయనకి కొట్టినపిండి. కంపెనీ ఆ పాత యంత్రాలకి సెలవిచ్చేసింది. వాటితోపాటు వాటిని కనిపెట్టుకుని ఉన్న మనుషులకీ ఇచ్చేసింది. కొత్త ఉద్యోగానికి ఫోన్ చేసిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: "వెబ్ తెలుసా?" యాభై నాలుగేళ్ళు వచ్చినా తెలియదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

ఊరి కౌన్సిల్ వాళ్ళు లైబ్రరీ మేడమీద పెద్దవాళ్ళ కోసం వెబ్ పేజీలు తయారుచెయ్యడం నేర్పుతున్నారని తెలిసింది. ఆ వారమంతా ఆయన తటపటాయించి, ఆఖరికి వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు:

"నువ్వు కూడా రా ప్రభా. ఇద్దరం వెళ్తే ఏదో సరదాకి వచ్చారనుకుంటారు. ఒక్కణ్ణీ వెళ్ళి కూచుంటే పని పోయినవాడని మొహమ్మీదే తెలిసిపోతుంది."

"నాకేం వచ్చనండీ అక్కడ?"

"నీకేం రానక్కర్లేదు. ఊరికే కూచో."

అలా ప్రభావతి క్లాసులో చేరింది. చదువుకోడానికి కాదు, మొగుడి పరువు మీద కప్పిన దుప్పటిలా వెళ్ళింది.

పాలకొల్లులో తెలుగు మీడియంలో బి.ఏ. చదివి, పెళ్ళయిన కొత్తలోనే ఈ దేశం వచ్చిన మనిషి ఆవిడ. ఇంటిపక్క ప్రైమరీ స్కూల్లో మధ్యాహ్నం పూట పిల్లల భోజనాలు చూసుకునే పని. అక్కడ పిల్లల్ని ఇంగ్లీషులో గదమాయిస్తుంది, బుజ్జగిస్తుంది, తగువులు తీరుస్తుంది. అదే ఆవిడ, పక్కన భర్త ఉంటే మాత్రం నోరు తెరవదు. తెరిస్తే వ్యాకరణం తప్పు పోతుంది. పోయినప్పుడల్లా ఆయన చిన్నగా దగ్గుతాడు. ఆ దగ్గు వినపడకుండా ఉండాలంటే మాట్లాడకపోవడమే సుఖమని ఆవిడ ఎప్పుడో తేల్చుకుంది. బ్యాంకులో, సర్జరీ అని ఇక్కడివాళ్ళు పిలిచే డాక్టరు క్లినిక్‌లో, కొడుకు స్కూల్లో, అంతటా ఆయనే మాట్లాడేవాడు. ఆవిడ నవ్వుతూ కూర్చునేది.

క్లాసు చెప్పే గ్రేస్‌ది ఘానా. భారీ మనిషి, అంతకన్నా భారీ నవ్వు. మొదటిరోజు అందరినీ పేజీ మీద వాళ్ళ పేరు రాయమంది. ప్రభావతి తన పేరు ఫోన్లో తెలుగులో కొట్టి, తనకి తానే మెయిల్ పంపుకుని, అక్కణ్ణుంచి తెచ్చి పేజీలో పెట్టింది. తెర మీద పేరు రాలేదు. సున్నాలు, కొక్కేలు, తలలేని అక్షరాలు బారుగా వచ్చాయి. 'ఈ మిషనుకి కూడా నా గోడు అర్థం కాలేదు' అనుకుని ఆవిడ దాన్ని చెరిపెయ్యబోయింది. గ్రేస్ వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది.

"తప్పు నీది కాదు. ఏ అక్షరాలు వస్తున్నాయో నువ్వు ముందు దానికి చెప్పాలి. చెప్పకపోతే దానికి తోచినట్టు చదువుకుంటుంది."

పైన ఒక్క లైను చేర్పించింది. మళ్ళీ తెరిచి చూస్తే 'ప్రభావతి' అని గుండ్రంగా, నిండుగా వచ్చింది. ఈ దేశంలో ఆవిడ పేరు ఎవరూ పూర్తిగా పలకలేదు. స్కూల్లో 'ప్రాబ్', సర్జరీలో 'మిసెస్ రావ్'. ప్రభావతి దాన్ని ఇంకాస్త పెద్దది చేసింది. నీలం రంగు వేసింది. రంగు నచ్చక మార్చింది. మారమంటే మారింది! పక్క కుర్చీలో సుబ్బారావు అప్పటికే ముగించి గడియారం చూసుకుంటున్నాడు.

మొదటి రోజుల్లో ఆయన ఎంతో ఓపిగ్గా చెప్పాడు, ఆ మాట కాదనడానికి లేదు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరూ కూర్చునేవారు.

"చూడు ప్రభా, ఈ కోడులో తెరిచిన ప్రతి గుర్తునీ మూసి తీరాలి. ఇక్కడ తెరిచావు. మూసే గుర్తు పెట్టకుండా వదిలేస్తే కిందున్నదంతా చెడుతుంది. రేపెవడైనా విప్పి చూస్తే నీ పని శుభ్రంగా ఉండాలి."

పెళ్ళయ్యాక అంతసేపు ఆయన తనకేసి తిరిగి కూర్చుని ఏదైనా చెప్పడం ఆవిడకి గుర్తులేదు. టీ చల్లారిపోయేది, మళ్ళీ పెట్టి తెచ్చేది. అవి మంచిరోజులే.

తర్వాత పాఠాలు వేరే దారి పట్టాయి. చూసేవాళ్ళ కంటికి ఏది ముందు పడాలి, చిన్న ఫోనులో పేజీ ఎలా సర్దుకోవాలి, చూపు ఆననివాళ్ళు ఎలా చదువుతారు. సుబ్బారావుకి ఇవి గిట్టలేదు. "ఇదేం ప్రోగ్రామింగా? ముగ్గులూ రంగులూను" అన్నాడు. ఆయన చేసిన పేజీ బూడిదరంగు గడులతో పాత కరెంటు బిల్లులా ఉంది. గ్రేస్ దాన్ని చాలాసేపు చూసి మెత్తగానే అడిగింది: "లెక్క చక్కగా ఉంది మిస్టర్ రావ్. కానీ ఈ పేజీ ఎవరి కోసం?"

 మరుసటి వారం ఆయన ఇంటర్వ్యూ ఉందన్నాడు. ఆ తర్వాతి వారం తలనొప్పన్నాడు. ఆ పై వారం ప్రభావతి కోటు వేసుకుని గుమ్మంలో నిలబడితే, "నేనే రావట్లేదు కదా, ఇంక నువ్వెందుకు?" అన్నాడు.

"ఈవేళ బొమ్మలు పెట్టడం చెప్తానందండీ. వెళ్ళొస్తాను."

"నేను దింపలేను మరి."

మిల్టన్ కీన్స్‌లో కారు లేని మనిషి సగం మనిషే. బస్సు గంటకొకటి, అదీ వస్తే. ప్రభావతి పెద్ద రోడ్ల కిందనుంచి వెళ్ళే ఎర్రటి నడకదారి పట్టుకుని, సొరంగాల్లో గొడుగు మూస్తూ, బయటికి రాగానే తెరుస్తూ, లైబ్రరీకి నడిచింది. వెళ్ళేసరికి పాదాలు తడిసిపోయాయి. అయినా ఆ రోజు క్లాసులో ఆవిడ మొదటిసారి చెయ్యెత్తి ఓ ప్రశ్న అడిగింది. ఇంగ్లీషు తప్పుపోయింది. ఎవరూ దగ్గలేదు.

టర్ము సగమయ్యాక గ్రేస్ అందరినీ ఎవరికైనా పనికొచ్చే పేజీ ఒకటి తయారుచెయ్యమంది. ఒకాయన కుక్కలు తిరగడానికి అనువైన పార్కులన్నాడు. ఇంకొకావిడ కూరగాయల మడులంది. ప్రభావతికి ఏమీ తోచలేదు.

తోచేలా చేసింది మధులిక. వరంగల్ నుంచి మొన్ననే పెళ్ళయి వచ్చిన పిల్ల. భర్త మనోజ్‌ది ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆ పిల్లకి నాలుగో నెల కడుపు. చెప్పుకోడానికి ఎవరూ లేక ప్రభావతి దగ్గరికి వస్తూ ఉండేది.

"ఆంటీ, కాళ్లు గుంజుతున్నయ్ అంటె ఇంగ్లీషుల ఏమనాలె? జీపీ డాక్టరు పెయినా అనడిగిండు. ఆఁ, పెయినే అన్న. గది పెయిన్ కాదు గద!"

"మా వైపు పీకుతున్నాయంటాం" అంది ప్రభావతి. అన్నాక ఆలోచనలో పడింది. పీకడం, సలపడం, పోట్లు, తీపులు, మెలిపెట్టడం, చురుక్కుమనడం, జివ్వుమనడం. మనవాళ్ళు ఒక్కో బాధకి ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఇక్కడ సర్జరీలో కూర్చునేసరికి అన్నీ కలిసి ఒక్క 'పెయిన్' అయి కూర్చుంటాయి.

పేజీ ఏమిటో అప్పుడు తెలిసింది ఆవిడకి. ఎడమపక్క మన మాట, దాని పక్కన ఆ బాధ ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో, కుడిపక్క డాక్టరుతో ఏమని చెప్పాలో. బళ్ళో భోజనాల పని అయ్యాక ఇంటికొచ్చి కూర్చునేది. గుడి దగ్గర ఆడవాళ్ళని అడిగేది. పాలకొల్లులో ఉన్న అక్కకి ఫోన్ చేసి, "మన నాయనమ్మ మోకాళ్ళని ఏమనేదే?" అని అడిగేది. ఇంగ్లీషు మాటలకి గ్రేస్ సాయం చేసింది. "సలుపు" అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రభావతి పిడికిలి బిగిస్తూ విప్పుతూ చూపిస్తే, "మా భాషలో కూడా దానికి ఓ మాటుంది!" అని గ్రేస్ బల్ల చరిచి నవ్వింది. పేజీకి ఒక్కొక్క వరుస చేరుతుంటే ప్రభావతి నడక కూడా మారింది. స్కూల్లో హెడ్‌టీచర్ ఎదురైతే పక్కకి తప్పుకోవడం మానేసింది.

అన్నీ రాసినా ఒక్క మాట మిగిలిపోయింది. రాద్దామని కూర్చోవడం, లేచి గిన్నెలు కడుక్కోవడం. అలా కొన్ని రోజులు గడిచాయి.

పద్దెనిమిదేళ్ళ కిందటి సంగతి. కొడుకు వంశీకి మూడేళ్ళు. ప్రభావతికి మళ్ళీ కడుపు, అయిదో నెల వెళ్ళి ఆరు వచ్చింది. ఓ పొద్దున నడుములో మొదలై, పొట్ట చుట్టూ తిరిగి, బిగిసి, వదిలింది. కాసేపటికి మళ్ళీ బిగిసింది. వంశీ కాన్పప్పుడు ఎరిగిన బాధే. "ఏవండీ, నొప్పులొస్తున్నట్టున్నాయండీ" అంది. సుబ్బారావు కంగారుగానే సర్జరీకి తీసుకెళ్ళాడు. డాక్టరు ఆవిడకేసి తిరిగి ఏమిటి బాధని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోగా సుబ్బారావే ఇంగ్లీషులో చెప్పాడు: "నడుములో కొంచెం నొప్పండి. పిల్లాణ్ణి ఎత్తుకుంటోంది, దానివల్ల."

ప్రభావతి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "నొప్పి కాదండీ, నొప్పులు."

"అదే కదా చెప్పాను!"

డాక్టరు మాత్రలు రాసి విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ రోజు ఆఫీసులో ఏదో కొత్తది మొదలుపెడుతున్నారు. సుబ్బారావు ఆవిణ్ణి ఇంట్లో దింపి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వంటింట్లో, చంటివాడు చూస్తుండగా అంతా అయిపోయింది. పక్కింటి ముసలావిడ ఆంబులెన్స్‌కి ఫోన్ చేసింది. పోయింది ఆడపిల్ల.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు, ముందే తీసుకొచ్చినా ఆపగలిగేవాళ్ళం కాదేమో అన్నాడు. ఆ మాటలో 'కాదు' సుబ్బారావు పట్టుకెళ్ళాడు. 'ఏమో' ప్రభావతి దగ్గర ఉండిపోయింది. ఇండియాకి ఫోన్ చేసి 'ప్రభకి ఒంట్లో బాగోలేదు, ఇప్పుడు తగ్గింది' అని చెప్పాడాయన. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ ఊసు లేదు. వంశీకి తెలియనే తెలియదు.

ఆఖరికి ఓ మధ్యాహ్నం ఆవిడ ఆ వరుస రాసేసింది. 'నొప్పులు: ఇది నొప్పికి బహువచనం కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి బిగిసి, వదిలి, మళ్ళీ బిగిసే బాధ. డాక్టరుతో పెయిన్ అనకండి, కాంట్రాక్షన్స్ అనండి. మీ బదులు పక్కనున్నవాళ్ళు చెబుతుంటే ఆపండి. మీ నోటితో మీరే చెప్పండి.'

రాసి, లాప్‌టాప్ తీసుకెళ్ళి భర్త ముందు పెట్టింది. "ఇంగ్లీషులో తప్పులుంటే చూస్తారా?"

తప్పుల కోసమే చూపించిందా, ఆ వరుస చూడాలని చూపించిందా అంటే ఆవిడే చెప్పలేదు. సుబ్బారావు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. రెండుచోట్ల స్పెల్లింగ్ దిద్దాడు. "బాగుంది... ఇదీ బాగుంది" అన్నాడు. కిందికి వచ్చాడు. ఆగిపోయాడు. 

"ఈ వరుస తీసెయ్."

"ఎందుకండీ?"

"ఎందుకో నీకు తెలీదా?"

"మీ పేరు ఎక్కడా లేదు కదండీ."

"పేరుండాలా? డాక్టరే చెప్పాడు, ఏం చేసినా నిలిచేది కాదని."

"కాదేమో అన్నాడండీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇన్నేళ్ళూ ఒక్క మాట అన్లేదు నువ్వు. ఇప్పుడు ఊరందరికీ చాటుతున్నావు. ఉద్యోగం లేనివాణ్ణని కదూ?"

 ఆయనకి అలా అనిపిస్తుందని ప్రభావతి కలలో కూడా అనుకోలేదు. "మధులిక కడుపుతో ఉందండీ" అని మాత్రం అనగలిగింది. వరుస తియ్యలేదు.

టర్ము ఆఖర్న ఓ శనివారం లైబ్రరీలో అందరి పేజీలూ పెద్ద తెర మీద చూపించే ఏర్పాటు చేసింది గ్రేస్. షెఫీల్డ్‌లో యూనివర్సిటీలో చదువుతున్న వంశీ అమ్మ పేజీ చూస్తానని ముందురోజే వచ్చాడు. "కమాన్ డాడ్, యూ హావ్ టు కమ్" అని తండ్రిని బలవంతాన బయల్దేరదీశాడు. సుబ్బారావు కోటు వేసుకుని వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడు. మధులిక, మనోజ్ వచ్చారు. ఇక్కడి తెలుగువాళ్ళకి పెద్ద దిక్కయిన సదాశివం అంకుల్ వచ్చారు. ఎక్కడ తెలుగు మాట వినపడ్డా వచ్చి ముందు కూర్చునే మనిషి ఆయన.

ప్రభావతి వంతు వచ్చింది.  ఒక్కో మాటా చదువుతూ, దాని బాధ చేత్తో చూపిస్తూ పోయింది. గుడ్లప్పగించి చూస్తున్న ఇంగ్లీషు ముసలాళ్ళు కూడా 'చురుక్కు' దగ్గర నవ్వారు. పేజీ చివరికి వచ్చింది. 'జివ్వు' తర్వాత ఖాళీ.

వరుస లేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి పేజీ రాత విప్పి చూసింది. అక్కడా లేదు. ఒక్క గుర్తు మిగల్లేదు, ఎక్కడా ఏదీ తెరిచి వదిలెయ్యలేదు. ఎంతో శుభ్రంగా, నేర్పుగా తీసిన పని. ఆ శుభ్రత చూడగానే అది ఎవరి చెయ్యో ఆవిడకి అర్థమైంది. తలెత్తి ఆఖరి వరసకేసి చూసింది. సుబ్బారావు తల దించుకుని కోటు బొత్తాం తిప్పుకుంటున్నాడు.

మునుపటి ప్రభావతి అయితే 'అంతేనండి, థాంక్యూ' అని వచ్చి కూర్చునేది. ఇంటికెళ్ళాక వంటింట్లో ఏడ్చుకునేది. ఇప్పుడు ఆవిడ గ్రేస్‌కేసి తిరిగి ఇంగ్లీషులో అంది: "ఒక వరుస పోయింది. మళ్ళీ పెడతాను. కొంచెం ఆగుతారా?"

అంతమంది ముందు నిలబడి కొట్టడం మొదలుపెట్టింది. తొందరలో ఎక్కడో మూసే గుర్తు తప్పింది. పేజీ అంతా కుప్పగా ఒకవైపుకి ఒరిగిపోయింది. ఎవరో 'అయ్యో' అన్నారు. ఆఖరి వరసలో సుబ్బారావు అలవాటు కొద్దీ సగం లేచాడు, దిద్దడానికి. లేచినవాడు లేచినట్టే ఉండిపోయాడు. ప్రభావతి లైను లైనూ వెనక్కి చదువుకుంటూ వెళ్ళి, తప్పు పట్టుకుని, సరిచేసింది. పేజీ నిటారుగా నిలబడింది. ఆవిడ ఆ వరుస గట్టిగా చదివింది, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

ముందు వరసలో ఓ పెద్దావిడ అడిగింది: "ఈ ఒక్కదానికీ ఇంత వివరం ఎందుకు రాశావమ్మా?"

"నాకు అప్పుడు ఆ మాట ఇంగ్లీషులో తెలియదు" అంది ప్రభావతి. "నా బదులు ఇంకొకరు చెప్పారు. వేరే మాట చెప్పారు. మా పాప పోయింది."

ఎవరు చెప్పారో ఆవిడ అనలేదు. అనక్కర్లేకపోయింది. గదిలో ఉన్న తెలుగు తలకాయలన్నీ వెనక్కి తిరిగాయి. అన్నిటికన్నా ఆఖర్న వంశీ తల తిరిగింది.

 కారులో ఇంటికి వస్తుంటే వెనకసీట్లోంచి వంశీ అడిగాడు.

"డాడ్, వాజ్ దేర్ అ బేబీ?"

సుబ్బారావు అద్దంలో కొడుకుని చూడలేదు. "మీ అమ్మనడుగు. ఇప్పుడు మాట్లాడ్డం వచ్చిందిగా" అన్నాడు.

ప్రభావతి చెప్పింది. తెలుగులోనే, దాచకుండా చెప్పింది. డాక్టరు అన్న 'కాదేమో' కూడా చెప్పింది. వంశీ ఆదివారం దాకా ఉండాల్సినవాడు ఆ సాయంత్రమే రైలెక్కాడు. వెళ్తూ తల్లిని గట్టిగా వాటేసుకున్నాడు. తండ్రికి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం చూసి ప్రభావతి గుండె చివుక్కుమంది. ఆవిడ కోరుకున్నది ఇది కాదు. ఏం కోరుకుందో అడిగితే అదీ చెప్పలేదు.

ఆ తర్వాత ఊళ్ళో మాట మారింది. "చచ్చిపోయిన సంగతి తవ్వి, కట్టుకున్నవాణ్ణి నలుగుర్లో దోషిని చేసింది" అన్నారట సదాశివం అంకుల్. ఆయన అన్నది వేదం. ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రభావతి పెట్టిన పలకరింపులకి జవాబులు తగ్గి, తర్వాత ఆగిపోయాయి. మనోజ్ తన భార్యని వాళ్ళింటికి వెళ్ళొద్దన్నాడు. మధులికకి కొడుకు పుట్టాడు. బారసాలకి ఊరందరినీ పిలిచారు, వీళ్ళని తప్ప. ఫోటోలు మాత్రం ఎవరో పంపితే చూసింది ప్రభావతి. కొన్నాళ్ళకి మధులిక దగ్గర్నుంచి పలకరింపైనా లేని ఒక్క మెసేజ్ వచ్చింది: 'ఆంటీ, బాలింత నడుము కొంకర్లు పోతున్నయ్ అంటరు మా దిక్కు. అదికూడ పెట్టున్రి.' ప్రభావతి ఆ రోజే పెట్టింది. అందిందని జవాబు రాసింది. దానికి జవాబు రాలేదు.

పేజీ మాత్రం తన మానాన తాను తిరిగింది. ఓ సర్జరీవాళ్ళు తమ గోడ మీద దాని చిరునామా అతికించుకున్నారు. గ్రేస్ కొత్త క్లాసులో తనకి సాయంగా ప్రభావతిని పెట్టించింది. వారానికి రెండు పూటలు. మెడలో తన ఫోటో ఉన్న గుర్తింపు కార్డు వేలాడదీసుకుని వెళ్ళాలి.

సుబ్బారావుకీ ఉద్యోగం దొరికింది, షెఫీల్డ్‌లో, ఇంకా పాత యంత్రాలనే నమ్ముకున్న ఓ ఆఫీసులో. సోమవారం వెళ్ళి శుక్రవారం వస్తాడు. అక్కడ గది తీసుకున్నాడు. కొడుకూ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. కలుస్తున్నారా అని ప్రభావతి అడిగితే, "వాడికి పరీక్షలు" అంటాడు. వంశీని అడిగితే, "ఐ విల్, మమ్, ఐ విల్" అంటాడు. ఆ ఊళ్ళో పరీక్షలు ఎప్పటికీ అవ్వలేదు.

ఓ ఆదివారం ఆయన పెట్టె సర్దుకుంటూ, చొక్కా మడత పెడుతూ పెడుతూ ఆగాడు.

"నేను కావాలని చేశానా ప్రభా?"

"లేదండీ."

"మరి?"

"కావాలని చెయ్యలేదు. నేను చెప్పింది వినలేదు, అంతే."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. "ఆ రోజు ఆఫీసులో నా బల్ల మీద ఫోన్ మోగింది చూడు. ఇప్పటికీ ఆఫీసులో ఫోన్ మోగితే నాకు చేతులు ఆడవు. నీకెప్పుడైనా తెలుసా?"

ప్రభావతికి తెలియదు. ఒక్క కప్పు కింద ఇన్నేళ్ళు, ఆ సంగతి తెలియదు. పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. "చెప్పుంటే బాగుండేదండీ" అంది.

"ఇప్పుడు చెప్పాను కదా. ఆ వరుస తీసేస్తావా?"

వెయ్యబోయిన చెయ్యి ఆగిపోయింది. అందుకా చెప్పాడు? అందుకు కాకపోవచ్చు. కానీ రెండు మాటలూ ఒకదాని వెనకే ఒకటి వచ్చాయి. ఇంక వాటిని విడదీసి చూడ్డం ఆవిడ వల్ల కాలేదు.

"తియ్యనండీ."

ఆయన తలాడించి పెట్టె మూశాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళేటప్పుడు, "శుక్రవారం ఆలస్యమవుతుంది, నాకోసం ఆగకు" అన్నాడు. "సరేనండీ" అంది ఆవిడ. కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది, అలవాటు ప్రకారం.

తర్వాత కార్డు మెళ్ళో వేసుకుని బస్సెక్కింది. బస్సు దాదాపు ఖాళీ. కిటికీ పక్కన సదాశివం అంకుల్ కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి చూసి, చూడనట్టు అద్దంలోంచి బయటికి చూడ్డం మొదలెట్టారు. బయట వాన తప్ప ఏమీ లేదు. ప్రభావతి ఖాళీ సీట్లన్నీ దాటుకుని వెళ్ళి సరిగ్గా ఆయన పక్క సీట్లో కూర్చుంది.

"బాగున్నారా బాబాయిగారూ?"

ఆయన తిరగక తప్పలేదు. "ఆఁ... బాగున్నానమ్మా."

"పిన్నిగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?"

"ఉన్నాయి, అలాగే." ఆయన తడబడుతూ బస్సు ఆపే బొత్తాం నొక్కారు. ఆయన దిగాల్సిన స్టాప్ ఇంకా రాలేదని ఆవిడకి తెలుసు. లేచి దారి ఇచ్చింది. ఆయన వానలోకి దిగి, గొడుగు తెరవడం చేతకాక, తడుస్తూ నిలబడ్డారు. బస్సు కదిలింది. ప్రభావతి ఆ కిటికీ సీట్లోకి జరిగి కూర్చుని, ఆవేళ క్లాసులో ముందు ఏం చెప్పాలో మనసులో ఇంగ్లీషులో అనుకోవడం మొదలుపెట్టింది.